నాలుగు తలుపుల దానం

నేను కారు తలుపులు గీస్తాను. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఒక ఆఫీసులో, రెండు పెద్ద స్క్రీన్ల ముందు కూర్చుని, పద్నాలుగేళ్లుగా అదే పని. మనవాళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే మొదట్లో "బాడీ ఇంజనీరింగ్" అనేదాన్ని. సాఫ్ట్‌వేర్ కానిది ఏదీ మనవాళ్ల కంటికి ఉద్యోగంలా ఆనదు కాబట్టి అది ఎవరికీ ఎక్కేది కాదు. తర్వాత్తర్వాత "తలుపులు" అని చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు జాలిగా చూసేవారు. వాళ్లు నన్ను జాలిగా చూసినప్పుడల్లా నేను వాళ్లను చిన్నచూపు చూస్తూ వచ్చాను. ఈ విషయంలో మేం ఒకరికొకరం తీసిపోలేదు.

తలుపు గురించి ఒక సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. వాన పడితే అద్దం మీద జారిన నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. ఎంత ఖరీదైన కారయినా అంతే, అద్దం పక్కనుండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. అందుకే ప్రతి తలుపు అడుగునా కన్నాలు పెడతాం. వచ్చిన నీళ్లు వాటిలోంచి రోడ్డు మీదికి కారిపోతాయి. ఆ కన్నాలు ఎక్కడుండాలి, ఎంత ఉండాలి అని మీటింగుల్లో నేను పోట్లాడినంతగా మా అత్తగారితో కూడా పోట్లాడలేదు. రేకు భాగాలు చేసిచ్చే కంపెనీవాళ్లు ఖర్చు కలిసొస్తుందని ఒక కన్నం తగ్గిద్దామంటే, ఆ తలుపు రెండు చలికాలాల్లో కుళ్లిపోతుందని బొమ్మ గీసి మరీ చూపించేదాన్ని. అలాంటి నేను ఒక కారుకున్న నాలుగు తలుపుల కన్నాలనూ నా చేత్తో వెల్డింగ్ చేసి మూసేశాను. మూసేసి, దాన్ని ఒక ఆడపిల్లకు దానం చేశాను.

అసలు నా చేతికి వెల్డింగ్ మెషీన్ రావడానికి కారణం మా ఇల్లు.

మా స్నేహితులంతా కొత్త ఇళ్లే కొన్నారు. బూడిదరంగు నేల, తెల్లటి వంటిల్లు, తూర్పు గుమ్మం. పొరపాటున పక్కింట్లో దూరితే కాఫీ పూర్తయ్యేదాకా తెలియదు, అంత ఒకేలా ఉంటాయి. మేం అలాంటివాళ్లం కాదని చూపించుకోవాలి కదా! అందుకని డెబ్బై ఏళ్లనాటి ఇటుక ఇల్లు కొన్నాం. ఈ ఇంటికి ఒక వ్యక్తిత్వం ఉందని మా ఆయన ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆ వ్యక్తిత్వమంతా గులాబిరంగు బాత్రూం పలకల్లో, చెమ్మ వాసన కొట్టే బేస్‌మెంట్‌లో, అడుగు వేస్తే మూలిగే మెట్లలో ఉంది. మా ఆయన వీడియోలు చూసి గోడలు పగలగొట్టేవాడు. పగలగొట్టడానికి ఒక పూట పట్టేది, కట్టడానికి మూడు నెలలు. ఏడాది పాటు వంటింటి అలమరలు గరాజ్‌లో నిలబడి ఉంటే, మేం వంట లాండ్రీ గదిలో చేసుకున్నాం.

ఇంటి ముందు మెట్లకున్న ఇనప రెయిలింగ్ పాదాల దగ్గర తుప్పు పట్టి ఊగేది. వస్తానన్న కాంట్రాక్టరు రాలేదు. దాంతో నేను కమ్యూనిటీ కాలేజీలో నాలుగు శనివారాల వెల్డింగ్ క్లాసులో చేరి, తర్వాత ఒక మెషీన్ కొన్నాను. రెయిలింగ్ అతికించాను. అతుకులు పిట్ట రెట్టల్లా వచ్చాయి కానీ రెయిలింగ్ ఊగడం మానేసింది. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? ఇంటికి వచ్చిన ప్రతి అతిథినీ ముందు ఆ రెయిలింగ్ దగ్గర నిలబెట్టి, పట్టుకుని ఊపి చూడమన్న తర్వాతే లోపలికి రానిచ్చేదాన్ని.

మనవాళ్లకు ఇక్కడ ఒక ఆచారం ఉంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఇంట్లో పనికిరానివన్నీ ఇచ్చి పుణ్యం మూటగట్టుకోవడం. నడుమ గుంటపడ్డ పరుపు, విజిల్ రాని కుక్కర్, ఒక కాలి కింద అట్టముక్క పెడితే తప్ప నిలబడని టేబుల్. చెత్తలో వేయాలంటే మనమే మోయాలి. పిల్లలకిస్తే వాళ్లే వచ్చి మోసుకుపోతారు, పైగా "థ్యాంక్యూ ఆంటీ" అంటారు. ఎంగిలిచేత్తో కాకిని తోలనివాళ్లు కూడా ఈ దానానికి మాత్రం ముందుంటారు. ఇచ్చాక ఫోటో గ్రూపులో పెడతారు. పరుపు ఫోటో కాదు, పిల్లలతో తాము దిగిన ఫోటో. నేను దీన్ని చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నానో లెక్కలేదు.

ఆ ఏడాది మా బేస్‌మెంట్ గదిలో ఒక అమ్మాయి అద్దెకుండేది. ఖమ్మం దగ్గరి పిల్ల. మాస్టర్స్ అయిపోయింది, ఉద్యోగం దొరకలేదు. ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చే రోజులు ఒక్కొక్కటీ కరిగిపోతుంటే, మెట్ల మీద కూర్చుని అప్లికేషన్లు పంపేది. నన్ను ఆంటీ అనకుండా అక్కా అనేది. ఆ ఒక్క కారణానికే నాకు నచ్చిందేమో కూడా. అక్టోబరులో, ఇంకొన్ని రోజులే మిగిలాయనగా, కారు భాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. ఫ్యాక్టరీ ఇక్కడికి గంట ప్రయాణం. బస్సు లేదు. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. చేరాల్సింది మూడు వారాల్లో. కారు ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే ఈ దేశంలో ఆ పిల్ల.

ఆ శనివారం మా కొత్త వంటిల్లు చూపించడానికి పది కుటుంబాలను భోజనానికి పిలిచాం. ఆ అమ్మాయి కూడా వచ్చి గిన్నెలు సర్దుతూ, టెక్సాస్ వెళ్లిపోతున్న తన క్లాస్‌మేట్ కారు అమ్ముతోందని చెప్పింది.

"సండే పోయి చూసొస్తనక్కా. చిన్న కారే గానీ మంచిగున్నదంట."

పక్కన ఇద్దరు ముగ్గురు వింటున్నారు. నాకు ఊపొచ్చింది.

"నువ్వు కారు కొనడమేంటి? మా గరాజ్‌లో పాత కారు ఊరికే పడి లేదూ? ఇంజన్ బంగారం. తలుపుల కింద కాస్త తుప్పుంది, అంతేగా! నేను వెల్డ్ చేసి ఇచ్చేస్తాను, తీసుకో."

"అయ్యో, వద్దక్కా. మీకెందుకు తిప్పలు."

"తిప్పలేంటి? తలుపులు నా పని."

"వద్దక్కా, నిజంగ."

మనలో వద్దు అనే మాటకు ఏం విలువుంది గనక! విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దంటే, ఆ చేతి పక్కనుంచి ఇంకో గరిటె వడ్డించే జాతి మనది. ఆ పిల్ల మూడుసార్లు వద్దంది. మూడోసారి అనేటప్పటికి చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి. మీరు గ్రేటండీ అన్నాడొకాయన. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అందరి వంకా చూశాడు. ఆ పిల్ల మొహంలో సంతోషం కంటే కంగారే ఎక్కువగా ఉంది. పాపం మొహమాటం అనుకున్నాను. సోమవారానికల్లా క్లాస్‌మేట్ తన కారు వేరేవాళ్లకు అమ్మేసింది.

మిషిగన్‌లో కారుకు తుప్పు పట్టడం వింతేమీ కాదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కారును కింది నుంచి తింటుంది. మా కారు తలుపులు బయటికి బాగానే కనబడేవి కానీ, అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నానిన అప్పడంలో దిగినట్టు దిగింది. నాలుగింటినీ ఊడదీసి, గరాజ్‌లో చెక్కబల్లల మీద తలకిందులుగా పెట్టాను. కుళ్లిన రేకు కోసేసి, కొత్త రేకు కొలిచి, వంచి, అతికించాలి. చెప్పడానికి ఒక వాక్యం. చేయడానికి రెండున్నర వారాలు పట్టింది.

స్క్రీన్ మీద నేను రేకు మందాన్ని ఒక అంకెగా చూశాను. ఆ అంకె ఎంత పలచనో నా చేతికి తెలియదు. మెషీన్ ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకుంటే చాలు, రేకు కరిగి చిల్లు పడేది. ఆ చిల్లు పూడ్చబోతే పక్కన ఇంకోటి. మొదటి సాయంత్రం తుప్పు చేసిన చిల్లుల కంటే నేను చేసినవే ఎక్కువ. ఇక్కడొక చుక్క, చల్లారాక అక్కడొక చుక్క, అలా వేసుకుంటూ పోవాలని మూడోరోజుకు గానీ బుర్రకెక్కలేదు. మా ఆయన మంటలార్పే సిలిండర్ ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని పక్కన నిలబడేవాడు. "ఏమోయ్, ఆ మాస్క్ తీసి ఒకసారి నవ్వు" అనేవాడు. నేను తీసి నవ్వేదాన్ని.

ఎదురింటి ముసలాయన ఒకరోజు కాఫీ కప్పు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. దెబ్బతిన్న కార్ల బాడీలు బాగుచేసే షాపులో నలభై ఏళ్లు పనిచేసి రిటైరయినవాడు. గోళ్లలో ఆ నలభై ఏళ్ల నలుపు ఇంకా ఉంది. నా అతుకుల మీద వేలితో రాసి, కొత్తదానికి ఫరవాలేదన్నాడు. రంగు వేసేముందు ఒక కేక వెయ్యి, ఒకసారి చూస్తానన్నాడు.

నేను తలుపులు డిజైన్ చేస్తానని చెప్పాను. ఎన్నేళ్లుగా చేస్తున్నానో కూడా చెప్పాను.

ఆయన ఒక్క నిమిషం నా వంక చూసి, అయితే నీకు తెలిసే ఉంటుందని తన కాఫీతో తను వెళ్లిపోయాడు. చూశారా, ఒక్క ముక్కతో ఎలా పంపించానో అన్నట్టు మా ఆయన వైపు చూశాను.

కన్నాలు మూసింది ఆ మర్నాడే. కొత్త రేకులో కన్నాలు లేవు, ఎందుకంటే నేను పెట్టలేదు. కోయకుండా మిగిలిన పాత అంచులో రెండేసి ఉన్నాయి. స్క్రీన్ మీద అవి నున్నటి కోలకన్నాలు, వాటికి ఒక నంబరు ఉంటుంది. ఇక్కడ తలుపు తలకిందులుగా ఉంది, కన్నాల అంచులు తుప్పు తిని వంకరపోయాయి. అయ్యో, ఇక్కడ కూడా చిల్లులు మిగిలిపోయాయే అనుకున్నాను. ఒక్కో తలుపుకు రెండు, నాలుగు తలుపులకు ఎనిమిది. శ్రద్ధగా పూడ్చి, గ్రైండర్‌తో నునుపు చేసి, లప్పం పెట్టి, సీలెంట్ పూసి, రంగు వేశాను. ఒక్క చుక్క నీరు బయటికి పోయే దారి లేకుండా చేశాను. నా జీవితంలో నేను అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

తాళం ఇచ్చిన రోజు పెద్ద తతంగమే జరిగింది. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, కొబ్బరికాయ, హారతి. భోజనానికి వచ్చిన కుటుంబాల్లో సగం మంది మళ్లీ వచ్చారు. మా ఆయన చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆడవాళ్లు తలుచుకుంటే ఇనుము కూడా కరుగుతుందని ఏదో అన్నాడు. ఆ పిల్ల వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను వద్దు వద్దంటూనే ఫోటో సరిగ్గా వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాను. ఆ ఫోటో మూడు గ్రూపుల్లో తిరిగింది. పరుపులూ కుక్కర్లూ ఇచ్చేవాళ్లను చూసి నవ్విన మనిషిని నేనే.

ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. నేను లేవకముందే వెళ్లిపోయేది, చీకటి పడ్డాక వచ్చేది. నవంబరంతా వాన. ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి అంది:

"అక్కా, బ్రేక్ కొడితే డోర్ల గలగలమని సప్పుడొస్తున్నది. నీళ్ల లెక్క."

"పాత కారమ్మా. చప్పుళ్లు చేయకుండా ఉంటుందా? రేడియో పెట్టుకో."

నవ్వుతూనే అన్నాను. ఇదే మాట ఏ ఫ్యాక్టరీ నుంచో రిపోర్టుగా వచ్చి ఉంటే, కుర్చీలోంచి లేవకుండానే జబ్బేమిటో చెప్పేదాన్ని. రిపోర్టు కాదుగా, బేస్‌మెంట్‌లో ఉండే పిల్ల మాట. ఆ తర్వాత కారు ఎలా ఉందని నేను మెసేజ్ పెట్టినప్పుడల్లా "సూపరక్కా" అని వచ్చేది. పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

జనవరిలో ఒక శనివారం పొద్దున బాత్రూం పలకలు తెచ్చే ట్రక్కు వస్తోందని, దారికి అడ్డంగా ఉన్న ఆమె కారు పక్కకు తీయబోయాను. ఊరు ఊరంతా గడ్డకట్టి ఉంది. డ్రైవర్ వైపు తలుపు లాగితే రెండంగుళాలు వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం గట్టిగా లాగాను. రాలేదు. సందులోంచి లోపలికి చూశాను.

తలుపు లోపలి హ్యాండిల్‌కు ఆకుపచ్చ చున్నీ కట్టి ఉంది. రెండో కొస సీటు కింది ఇనప పట్టీకి మూడు ముళ్లు వేసి బిగించి ఉంది. కింద, పెడల్స్ దగ్గర, ఒక పాత తువ్వాలు గడ్డకట్టి చెక్కలా పడి ఉంది. పక్కన రెండు ప్లాస్టిక్ కవర్లు. అవి షూస్ మీద తొడుక్కోవడానికని తర్వాత తెలిసింది.

ఆ పిల్ల తడి జుట్టుతోనే బయటికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆగుండ్రి, నేను తీస్త!"

"ఏంటిది?"

"ఏం లేదక్కా. చలికి లాక్ పడ్తలేదు. అటు సైడ్ నుంచి ఎక్కి గిట్ల కట్టుకుంటున్న."

"ఎన్నాళ్లనుంచి?"

"క్రిస్మస్ ముందు సంది."

"ఇలా కట్టుకుని హైవే మీద పోతున్నావా?"

"స్లోగనే పోతనక్కా. రైట్ లేన్‌ల. ప్రొబేషన్‌ల ఉన్న గద, ఒక్కరోజు గూడ లేటు పోవద్దు."

నేను కేకలేశాను. బుద్ధుందా లేదా అన్నాను. నాకు చెప్పడానికేం అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని, సారీ అక్కా, సారీ అక్కా అంటూ నిలబడింది. నా చేతిపని వల్ల చావబోయిన పిల్ల నాకే సారీ చెబుతోంది, నేను చెప్పించుకుంటున్నాను.

అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని తలుపు అడుగున చెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క కన్నం లేదు. రెండోసారి తడమాల్సిన అవసరం లేకపోయింది. అద్దం మీద నుంచి దిగిన వానంతా పోయే దారిలేక తలుపులోనే నిండింది. బ్రేక్ వేస్తే పొంగి ఆమె కాళ్ల మీద పడింది. దాని చెమ్మ పైకెక్కి లాక్‌లో గడ్డకట్టింది. ఈ మాటలు నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో!

గరాజ్‌లోంచి డ్రిల్ తెచ్చి కన్నం పెట్టాను. రోడ్డు ఉప్పు కలిసి పూర్తిగా గడ్డకట్టని తుప్పురంగు నీళ్లు ముందు చిమ్మాయి, తర్వాత మంచుముక్కలు, తర్వాత మళ్లీ నీళ్లు. రెండో తలుపూ అంతే. ఎదురింటి ముసలాయన పారతో మంచు తీస్తున్నవాడు కాస్త ఆగి, మా వంక చూసి, మళ్లీ తన పనిలో పడ్డాడు. నాకు చెప్పలేనంత ఒళ్లుమంటగా ఉంది.

"ఎదురింటి అంకుల్ నెల కిందనే చెప్పిండక్కా," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "నేను అటు సైడ్ నుంచి ఎక్కుతుంటే చూసి అడిగిండు. కన్నాలు మూసుకపోయినయి, రెండు నిమిషాల పని అన్నడు. డ్రిల్ గూడ తెచ్చిండు. నేనే వద్దన్న."

"ఎందుకు?"

"మీరు ఫీలయితరని."

డ్రిల్ ఆపేశాను.

"అంతమంది ముందట ఇచ్చిండ్రు గదక్కా," అంది. "తర్వాత ఏమని చెప్పాలె?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. నా పరువు పోకూడదని, ఆ పిల్ల నెల రోజులు తన ప్రాణాన్ని చున్నీకి కట్టుకుని హైవే మీద తిరిగింది. రెండు నిమిషాల పనికి, చేస్తానన్న మనిషి చేతిలో డ్రిల్‌తో నిలబడి ఉంటే, నాకు భయపడి వద్దంది. చలికి భయపడలేదు, పక్కనుంచి దూసుకుపోయే ట్రక్కులకు భయపడలేదు, నాకు భయపడింది. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

ఆ పిల్ల కారులో వంగి, గడ్డకట్టిన ఆ తువ్వాలు తీసుకొచ్చి నా ముందు పరిచింది.

"మోకాళ్లు తడుస్తున్నయక్కా," అంది. "దీని మీద కూసోండ్రి."